లోకల్ ఫుడ్ అంటే పనీర్ బటర్ మసాలా

అండమాన్ టూర్ కరపత్రంలో నాలుగో లైను: "ద్వీపాల అందాలు, స్థానిక రుచులు." ఐదో లైను: "మన తెలుగు వంటవాళ్ళు మన వెంటే." ఈ రెండు లైన్లూ ఒకే కాగితం మీద ఎలా కాపురం చేస్తున్నాయో డబ్బు కట్టే ముందే అడగాల్సింది. అడగలేదు. తప్పు నాదే.

పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీవిజయపురం అనాలి, మా గైడుకి ఇంకా నోరు తిరగలేదు) మొదటి స్థానిక రుచి ఉప్మా రూపంలో దర్శనమిచ్చింది. మధ్యాహ్నానికి అదే రుచి సాంబారుగా అవతారం మార్చింది. రాత్రి హోటల్లో మాత్రం నిజంగానే కొత్తదనం: పనీర్ బటర్ మసాలా. నాలుగు దిక్కులా సముద్రం. అందులో వంజరం, సూర, రొయ్యలు, పీతలు. మధ్యలో మేం నలభై మందిమి, మా పనీరు. పాపం అదీ మాలాగే సముద్రం దాటి వచ్చి ఉంటుంది.

భోజనమే టూరుకి ప్రాణం కాబట్టి మిగతావన్నీ దాని వీలునిబట్టి జరిగేవి. సెల్యులర్ జైలుకి నలభై నిమిషాలు. 1906లో పూర్తయిన జైలు, ఏడు విభాగాల్లో ఇప్పుడు మిగిలినవి మూడు. మనుషుల్ని ఎద్దుల్లా గానుగకి కట్టి నూనె తీయించిన చోటు అది. మా గైడు అక్కడే ఈల ఊది, "త్వరగా రండి, పూరీలు చల్లారిపోతాయి" అన్నాడు. అందరూ కదిలారు. నేనూ కదిలాను.

నీల్ దీవిలో, అంటే ఇప్పటి షహీద్ ద్వీప్‌లో, రాతి వంతెన ఉంది. దాని దగ్గరికి నడిచి వెళ్ళాలంటే పోటు తగ్గి ఉండాలి. అది చంద్రుడి చేతిలో పని. మా టైంటేబుల్ మాత్రం కుక్కర్ చేతిలో ఉంది. పప్పు ఉడకలేదు, సముద్రం ఆగలేదు. మేం వెళ్ళేసరికి దారంతా నీళ్ళు. "వంతెన అటుపక్క ఉందండీ, ఇక్కణ్ణుంచే దణ్ణం పెట్టుకోండి" అన్నాడు గైడు. నిజంగానే ఇద్దరు పెట్టుకున్నారు.

నాలుగో రోజు దేవుడు కరుణించి బస్సు టైరు పంక్చర్ చేశాడు. జంగ్లీఘాట్ దగ్గర. పక్కనే రేకుల షెడ్డు, పొయ్యి మీద వెడల్పాటి సత్తు గిన్నె. అందులో చేపల పులుసు. చింతపండు రంగు పులుసు మీద నూనె తేలుతోంది. ముక్క విరగకుండా గరిటె వాలుగా పెట్టి తీస్తోంది ఒకావిడ. నా వచ్చీరాని హిందీ విని నవ్వి, "ఏ ఊరు బాబూ?" అంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన మత్స్యకారుల కుటుంబాలు అక్కడ బోలెడు. మా బస్సు వైపు చూసి, "సుట్టూతా సేపలెట్టుకుని పప్పు తింతన్నారేటి?" అని అడిగింది. జవాబు లేక కూచున్నాను. రెండు ముక్కలు, గుప్పెడు అన్నం. వెనక నుంచి టూర్ మేనేజర్ కేక: "సార్, బయట తిండికి మా బాధ్యత లేదు!" బస్సు ఎక్కితే మొత్తం జనం నన్ను కలరా రోగిని చూసినట్టు చూశారు. ఒక పెద్దావిడ చొరవగా జీలకర్ర మాత్ర ఇచ్చారు. ఇంతకీ ఆ యాత్ర మొత్తంలో నేను తిన్న ఒకే ఒక్క లోకల్ ఫుడ్ తెలుగువాళ్ళు వండిందే. పక్కా తెలుగు భోజనం అని బస్సుకి బస్సు తెచ్చుకున్నవాళ్ళెవరూ దాన్ని ముట్టలేదు.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. ఐదో రోజు బారాటాంగ్ దీవి.

సున్నపురాతి గుహలకి వెళ్ళే రోడ్డు జార్వా అనే ఆదివాసుల అడవిలోంచి పోతుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర చీకటి విడకముందే వరస కట్టి, కాన్వాయ్‌గా వదులుతారు. బండి ఆపకూడదు, ఫొటో తీయకూడదు, తినడానికి ఏమీ ఇవ్వకూడదు. అన్నీ బోర్డు మీద ఉన్నాయి. మా గైడు మైకులో అందుకున్నాడు: "లెఫ్ట్ సైడ్ చూస్తూ ఉండండి, అదృష్టముంటే కనబడతారు."

అదృష్టం! పులులా వాళ్ళు? ఆ అడవి వాళ్ళ ఇల్లు. రోడ్డు మనం వేసుకున్నాం. ఆ దారి మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. 90ల చివర్లో బయటివాళ్ళతో కలవడం మొదలయ్యాక తట్టు సోకి ఆస్పత్రుల పాలైన మనుషులు వాళ్ళు. వేల ఏళ్ళుగా తేనె, అడవిపంది, చేప తిని బతికినవాళ్ళ మీదికి, ముందురోజే పక్క షెడ్డులో చేపముక్క ముట్టడానికి భయపడిన మనిషి, మా బస్సులో మూడో సీటాయన, కిటికీ సందులోంచి బిస్కెట్ ప్యాకెట్ విసిరాడు. చెట్ల దగ్గర ఒక తల్లి, చంకలో బిడ్డ. విసిరి వెనక్కి తిరిగి నవ్వాడు. ఇద్దరు చప్పట్లు కొట్టారు. సిగ్గులేని జన్మలు. కేకేశాను. "మీకెందుకండీ, పాపం ఆకలేస్తుందేమో" అన్నాడు.

గంటన్నర తర్వాత రేవు దగ్గర దింపి పులిహోర పొట్లాలు పంచారు. ఉప్పు తక్కువైందని, ఇది మనుషులు తినేదేనా అని, మూడో సీటాయన మేనేజర్‌తో పావుగంట గొడవపడ్డాడు.