కణుపు దాటని ఉంగరం గారికి

మహారాజశ్రీ గుండ్రని ఉంగరం గారి దివ్య సముఖానికి,

అమలాపురానికి కాలవ అవతల, ఒక చిన్న బంగారం పని కొట్టు నుంచి రాసుకుంటున్న విన్నపం ఇది. తమరు క్షేమమని తెలుసు. పెళ్లినాడు ఎంత చుట్టుకొలతతో వేలెక్కారో, మనవలు పుట్టాక కూడా అంతే ఉన్నారు. వెంట్రుకవాసి ఒళ్లు చెయ్యలేదు. తమరెక్కిన వేలే క్షేమంగా లేదు. నడిమి కణుపు బలిసి తమరి దారికి అడ్డం పడింది. ఇద్దరిలో తప్పెవరిదంటే ఊరంతా వేలిదే అంటోంది. "వేళ్లు లావైపోయాయి బాబూ" అంటూ నా బల్ల ముందు సిగ్గుపడేది మనుషులే. తమరు సిగ్గుపడటం నేనింతవరకు చూడలేదు.

నిజానికి లావైంది వేలు కాదండీ. తమరు కూర్చునే చోటు, అంటే వేలి మొదలు, చాలామందికి ఎప్పటిలాగే ఉంటుంది. కీలులో గుజ్జు అరిగి, అంచుల్లో ఎముక పెరిగి, కణుపు ఒక్కటే లేస్తుంది. ఆడవాళ్లకి, అందులోనూ ముట్లుడిగాక, ఈ బాధ ఎక్కువ. గోటి దగ్గరి కణుపు మీద వచ్చే బొడిపెకి హెబర్డెన్ అనే ఇంగ్లీషు డాక్టరు పేరు పెట్టారు. నడిమి కణుపు బొడిపెకి బుషార్ అనే ఫ్రెంచి డాక్టరు పేరు. తమరి ప్రయాణానికి అడ్డొచ్చేది ఎక్కువగా ఈ రెండోదే. బొడిపెలకి కూడా పేరూ ప్రతిష్ఠా దక్కాయి. వాటిని మోస్తున్న వేలికి మాత్రం "కొంచెం ఓర్చుకోండి" అన్న మాట ఒక్కటే దక్కుతోంది.

తమరిని దించడానికి జరిగే సేవలు ఏ ఉత్సవ విగ్రహానికీ జరగవు. ముందు సబ్బు నురగ అభిషేకం. ఆ తర్వాత కొబ్బరి నూనె, మా కోనసీమలో దానికి కొదవేముంది. చెయ్యి పైకెత్తి కాసేపు ఉంచుతారు, ఐసు నీళ్లలో ముంచుతారు. తెలిసినవాళ్లుంటే సన్నటి పట్టుదారం కొస తమరి కిందనుంచి దూర్చి, మిగతా దారాన్ని కణుపు మీదుగా బిగించి వరసగా చుట్టి, దూర్చిన కొస పట్టుకుని మెల్లగా విప్పుతారు. ఒక్కో చుట్టూ విడుతుంటే తమరు ముందుకు జరుగుతారు. వాపుకి ఇది మంచి ఉపాయమే. ఎముకే పెరిగితే దారం ఏం నొక్కుతుంది? చివరికి వేలు నీలంగా మారాక ఆస్పత్రికి పరిగెత్తడం, తమరి కింద సన్నటి రేకు దూర్చి, చిన్న పళ్ల చక్రం తిప్పి కోయించుకోవడం. ఇంత జరిగి ఇంటికొచ్చాక ఏమంటారో తెలుసా? "అయ్యో, ఉంగరం పాడైపోయింది." వేలు ఎలా ఉందని అడిగేవాడు లేడు.

ఇహ సైజు పెంచడం. దీని గురించి తీరిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే మా పనివాళ్లు తమరికి చేసే అసలు భజన ఇదే. మన సైజుల్లో ఒక్కో అంకెకి చుట్టుకొలతలో సుమారు ఒక మిల్లీమీటరు తేడా. ఒక మామ్మగారి వేలి మొదలు 14, కణుపు 20 అనుకోండి. 20కి పెంచితే తమరు కణుపు దాటతారు, నిజమే. దాటాక? ఆ ఆరు మిల్లీమీటర్ల వదులులో గిరగిరా తిరుగుతారు. రాయి బరువుకి తలకిందులై అరచేతి వైపు వేలాడతారు. ముద్ద కలుపుతుంటే పప్పు తమరి లోపలికి వెళ్తుంది. చెయ్యి కడుగుతుంటే జారి సింకులో పడతారు. అందుకని అడుగున దారం చుడతారు.

ఆ దారం సంగతి తమరికి నేను చెప్పాలా? మొదటి రోజు తెల్లగానే ఉంటుంది. వారం తిరక్కుండా పసుపుపచ్చన, ఆపైన ఏ రంగో చెప్పలేం. ఎప్పుడూ తడే. దాని కింద చర్మం పాలిపోయి, నాని, పొరలు లేస్తుంది. పట్టకారుతో ఆ దారం విప్పుతుంటే నిమ్మకాయ ఊరగాయలో మెంతుల వాసన గుప్పుమన్న రోజులున్నాయి. లోపల 916 ముద్ర, దాని మీద కుళ్లిన నూలు. అతుకు పడని తమరి నిండుతనం ఇదేనండీ.

తమరి బంధువర్గాన్ని ఒక్కసారి చూడండి. మురుగులకి మర ఉంది. వడ్డాణానికి బందూ ఉంది, శీలా ఉంది. చెవి దిద్దుకీ శీల ఉంది. కాలి మెట్టె అయితే పుట్టుకతోనే నోరు తెరుచుకుని ఉంటుంది. వేలు లావైతే కాస్త విప్పుతాం, సన్నబడితే కాస్త నొక్కుతాం. అడుగున చీలిక ఉన్నంత మాత్రాన మెట్టె పాతివ్రత్యానికి లోటొచ్చిందని ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఈ పట్టింపంతా తమరొక్కరికే.

ధవళేశ్వరంలో 1852 నాటికి ఆనకట్ట పూర్తిచేసి, కాటన్ దొర హయాంలో కాలవలు తవ్వినప్పుడు, నీటిమట్టం మారే చోట్ల లాకులు కట్టారు. పడవ వస్తే తలుపులు తీసేవారు, దాటాక మూసేవారు. పడవ పక్కలు చెక్కి సన్నం చేసుకు రమ్మని ఎవరూ అనలేదు. పడవకి సబ్బూ రాయలేదు. ఆ లాకుల పక్కనే పుట్టి పెరిగిన మాకు, వేలి దగ్గరికొచ్చేసరికి తలుపన్న ఆలోచనే తట్టకపోవడం తమరి మహిమ.

ఆ తలుపు పెట్టడమే నేను చేస్తున్న పాపం. రాయీ నగిషీ ఉన్న తమరి పైభాగం జోలికి పోను. అడుగు సగం కోసి, దాని చోట తెరుచుకునే పట్టీ పెడతాను. ఒక పక్క బందు. రవ్వంత గొట్టాలు మూడు, పైభాగానికి రెండు, పట్టీకి ఒకటి, మూడింటిలోంచీ ఒకే సన్నటి కమ్మీ. రెండో పక్క నాలుక. అది గాడిలో కూర్చుంటే టిక్కుమనాలి. అనకపోతే పని కానట్టే. తెరిస్తే కణుపు సులువుగా దాటుతుంది, మూస్తే వేలి మొదట్లో సరిగ్గా 14 సైజులో కూర్చుంటుంది. రాయి పైకే చూస్తుంది.

ఈ పట్టీ 22 క్యారెట్లలో చెయ్యకూడదు. 91.6 శాతం బంగారం మెత్తన, బందు తొందరగా అరిగి వదులవుతుంది. 75 శాతం బంగారమున్న 18 క్యారెట్లలో రాగీ వెండీ లాంటివి ఎక్కువ కాబట్టి గట్టిగా నిలుస్తుంది. ఇక్కడే ఇంట్లో పంచాయితీ మొదలు. "పద్దెనిమిదా? ఇందులో ఏదో మతలబుంది" అని అల్లుడుగారు కళ్లద్దాలు సర్దుకుంటారు. మతలబేం లేదండీ, బిల్లులో రెండూ విడివిడిగా రాసిస్తాను. ఇంకోటి కూడా ఉంది. 2021 నుంచి హాల్‌మార్కు నగల మీద వేస్తున్న, ఒక్కో నగకి ఒక్కో గుర్తుగా ఉండే, అంకెలూ అక్షరాలూ కలిపి ఆరు ఉన్న హెచ్‌యూఐడీ కోడు సాధారణంగా తమరి లోపలి వైపే ఉంటుంది. అది అడుగు సగంలో పడితే కోసిన ముక్కతోనే పోతుంది. అందుకే ఆ ముక్క తూచి, కవర్లో పెట్టి, మనిషి చేతికే ఇస్తాను.

"పెళ్లి ఉంగరాన్ని కోస్తావా?" అని మామ్మగారి కంటే ముందు తాతగారు కంగారుపడతారు. ఆస్పత్రిలో కోస్తే తప్పనిసరి, నా బల్ల మీద కోస్తే అపశకునం, బీరువాలో ఏళ్ల తరబడి పడుంటే మాత్రం శుభం! కరిగించి కొత్తది తీసుకోమనే కొట్లూ ఉన్నాయి. తరుగు వాళ్లకి, పెళ్లినాటి నగిషీ కుంపట్లోకి.

తమరి తరఫున ఒప్పుకోవాల్సినవీ ఉన్నాయి. చుట్టూ రాళ్లు పొదిగిన ఉంగరానికి ఈ తలుపు కుదరదు. అరిగి రేకైపోయినది బందుని మొయ్యలేదు. నవరత్నాల ఉంగరంలో ముత్యం, పగడం, పచ్చ మంట సెగకి ఆగవు. రాళ్లు విప్పి మళ్లీ పొదగాలి, లేదా లేజర్ అతుకు వేయించాలి. బందు సందుల్లో పిండీ పసుపూ దూరతాయి, పాత టూత్‌బ్రష్‌తో తోముకోవాలి. ఎర్రబడి, వేడెక్కి, పొద్దున్నే బిగుసుకుపోయే కీళ్లకి ముందు డాక్టరు, తర్వాతే నేను.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఎవరికీ ముందు తట్టదు. కీళ్లనొప్పుల మనిషికి గోటితో ఆ నాలుక లాగడమే కష్టం. అందుకే దాని చివర కొంచెం అంచు బయటికి ఉంచుతాను. పని అయ్యాక నేను తీసి చూపించను. మామ్మగారినే రెండో చేత్తో తీసి, మళ్లీ వేసి చూడమంటాను. ఆవిడ వల్ల కాకపోతే, నా చేతికి ఎంత సులువుగా వచ్చినా లెక్కలోకి రాదు. మళ్లీ ఆకురాయి పట్టాల్సిందే.

కనుక నా మనవి ఏమిటంటే, తమరిని నా బల్ల మీదికి తెచ్చిన రోజున టెన్షన్ పడకండి. రంపం సన్నటిది, పనయ్యాక పాలిష్ పెడతాను. మజూరీ సంగతి తాతగారితో మాట్లాడుకుంటాను, తమరు బేరమాడొద్దు.

ఇట్లు,
తమరి అడుగు సగానికి పూచీపడ్డ
బంగారం పనివాడు

తా.క.: విప్పిన దారం కూడా కవర్లో పెట్టి ఇమ్మని తాతగారు అడిగారు. పెట్టాను. దాన్ని మాత్రం తూకం వెయ్యలేదు.