నెప్ట్యూనా, వల్కనా?

పరంధామయ్య: ఏమిటే, పుస్తకంలో తలపెట్టి నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?

వర్ధని: మీ న్యూటన్ గారి గురుత్వాకర్షణ లెక్క తప్పిందటండీ.

పరంధామయ్య: కళ్లు పోతాయ్! 1687 నుంచి నిలబడ్డ లెక్క అది. యురేనస్ దారి తప్పి నడుస్తుంటే ఫ్రాన్సు ఖగోళవేత్త లెవెరియే న్యూటన్ని అనుమానించాడా? అవతల ఇంకేదో గ్రహం లాగుతోందన్నాడు. 1846లో బెర్లిన్‌లో టెలిస్కోపు తిప్పితే, చెప్పిన చోటికి డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది!

వర్ధని: ఆయనే బుధుడికీ అదే మందు వేశాడు, 1859లో. వికటించింది.

పరంధామయ్య: బుధుడికేం రోగం?

వర్ధని: సూర్యుడికి బాగా దగ్గరయ్యే చోటు ఏటా కాస్త ముందుకు జరుగుతోంది. మిగతా గ్రహాల లాగుడంతా తీసేసినా వందేళ్లకి 43 సెకన్లు లెక్కకి అందట్లేదు.

పరంధామయ్య: ఓస్, అంతేనా! నువ్వు బయల్దేరేలోపు నెప్ట్యూన్ ఒక చుట్టు తిరిగొస్తుంది.

వర్ధని: దానికి 165 ఏళ్లు పడుతుంది లెండి. ఇవి గడియారం సెకన్లు కావు, కోణం. డిగ్రీలో 3600వ వంతు.

పరంధామయ్య: ఆ పిసరంత దానికి సిద్ధాంతం మార్చేస్తారా?

వర్ధని: వెంటనే ఎవరు మార్చారు? సూర్యుడి పక్కన ఇంకో గ్రహం ఉందన్నారు. వల్కన్ అని పేరూ పెట్టారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! కళ్లారా చూశామన్నవాళ్లూ ఉన్నారు. గ్రహణాలప్పుడు వెతికితే ఏమీ లేదు. చివరికి 1915లో ఐన్‌స్టీన్, గురుత్వమంటే స్థలకాలం (స్థలం, కాలం కలిసిన అల్లిక) వంగడమేనని సమీకరణాలు రాస్తే, ఏ గ్రహమూ కలపకుండానే ఆ 43 వచ్చి కూర్చుంది.

పరంధామయ్య: అయితే న్యూటన్ని చెత్తబుట్టలో వేసేయమంటావు!

వర్ధని: ఎవరన్నారండీ? వేగం తక్కువై, గురుత్వం బలహీనంగా ఉంటే ఇద్దరి లెక్కా దాదాపు ఒకటే. కానీ మీ ఫోన్లో దారి చూపించే ఉపగ్రహాల గడియారాలు, ఐన్‌స్టీన్ లెక్క చెప్పినట్టే, నేలమీది వాటికంటే రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. సరిచెయ్యకపోతే ఒక్క రోజులో పది కిలోమీటర్లు తేడా.

పరంధామయ్య: అదీ సంగతి! అందుకే నిన్న దారి తప్పాం.

వర్ధని: వాటిని ఎప్పుడో సరిచేశారు. ఎడమకి అంటే కుడికి తిప్పే మనిషిని సరిచెయ్యడమే ఎవరివల్లా కాలేదు.

పరంధామయ్య: సరేలే. ఐన్‌స్టీన్‌తో గొడవ తీరిపోయినట్టేగా?

వర్ధని: ఎక్కడ తీరింది? గెలాక్సీల అంచుల్లో నక్షత్రాలు మనకి కనిపించే పదార్థానికి తగని వేగంతో తిరుగుతున్నాయి. కంటికి కనపడకుండా లాగే పదార్థం, డార్క్ మ్యాటర్, ఉందని ఎక్కువమంది, కాదు, గురుత్వ సూత్రమే మార్చాలని కొందరు.

పరంధామయ్య: అంటే మళ్లీ నెప్ట్యూనా, వల్కనా అనేగా! నెప్ట్యూనే. రాసిపెట్టుకో.

వర్ధని: మీరన్నారుగా, ఇక నాకు వల్కనేనని గురి కుదిరింది.