ఫ్రెంచి నేర్చినా తొలగని పరాయితనం

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో ప్రభుత్వ పాఠశాలలో కొత్తగా ఉపాధ్యాయ ఉద్యోగం కోరే ముస్లిం యువతి హిజాబ్‌ను, సిక్కు యువకుడు తలపాగాను, యూదు యువకుడు కిప్పా అనే సంప్రదాయ టోపీని విధి నిర్వహణ వేళల్లో వదులుకోవాలి, లేదా ఉద్యోగాన్నే వదులుకోవాలి. 2019 జూన్ 16న అక్కడి శాసనసభ 73 ఓట్ల మద్దతుతో, 35 ఓట్ల వ్యతిరేకత మధ్య ఆమోదించిన 21వ బిల్లు ప్రాసిక్యూటర్లు, పోలీసులు, జైలు అధికారులతో పాటు ఉపాధ్యాయులనూ మతచిహ్నాల నిషేధం కిందికి తెచ్చింది. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవారికి మినహాయింపు ఇచ్చారుగానీ, వారు అదే హోదాలో కొనసాగినంతకాలమే అది చెల్లుతుంది. పదోన్నతి కోరుకున్న టీచరు ఆ మినహాయింపును కోల్పోవలసిందే. 2021 డిసెంబరులో చెల్సీ అనే పట్టణంలో మూడో తరగతికి పాఠాలు చెబుతున్న ఒక టీచరును హిజాబ్ ధరించినందుకు తరగతి గది నుంచి తప్పించి వేరే పని అప్పగించినప్పుడు, ఆమె బోధన మీద ఒక్క ఫిర్యాదూ ముందుకు రాలేదు. పైపెచ్చు విద్యార్థులూ తల్లిదండ్రులూ బడి కంచెకు ఆకుపచ్చ రిబ్బన్లు కట్టి ఆమె పక్షాన నిలిచారు.

ఈ చట్టాన్ని కేవలం జాతి దురహంకారంగా కొట్టిపారేయడం క్యూబెక్ ప్రజలకు అన్యాయం చేయడమే. ఉత్తర అమెరికా ఇంగ్లిషు సముద్రం మధ్య ఫ్రెంచి భాషను కాపాడుకుంటూ వచ్చిన ఆ సమాజం 1960ల దాకా కేథలిక్ చర్చి నీడలోనే బతికింది. బడులూ ఆసుపత్రులూ చర్చి చేతుల్లోనే ఉండేవి. మహిళల ఓటుహక్కును మతాధిపతులు వ్యతిరేకించగా, రాష్ట్ర ఎన్నికల్లో ఓటు వేసే హక్కు అక్కడి స్త్రీలకు 1940లో గానీ దక్కలేదు. 1960లో జాన్ లెసాజ్ ప్రభుత్వంతో మొదలైన ‘ప్రశాంత విప్లవం’ ఆ పెత్తనాన్ని కూలదోసింది, 1964లో విద్యాశాఖ ఏర్పడింది. పూజారుల పెత్తనం కింద పెరిగిన తరానికి మతచిహ్నం కంటపడితే కలిగే జంకు నటన కాదు. ఆ జంకుకు కారణమైన చర్చికి, నిన్నగాక మొన్న వలస వచ్చిన కుటుంబంలోని అమ్మాయి తలమీది వస్త్రానికి సంబంధం ఏమిటన్నదే ప్రశ్న. చర్చికి అధికారం ఉండేది. రాష్ట్ర జనాభాలో సుమారు 5 శాతం ఉన్న ముస్లింలకు అక్కడ అటువంటి అధికారం ఏనాడూ లేదు, ఉండే అవకాశమూ లేదు.

వలస వచ్చినవారు స్థానిక సమాజంలో కలవాలనడం న్యాయమైన కోరికే. భాష నేర్చుకోవాలని, చట్టాన్ని గౌరవించాలని, స్త్రీపురుషులను సమానంగా చూడాలని ఏ ప్రజాస్వామ్యమైనా కోరవచ్చు, కోరాలి కూడా. ఆ పనిని క్యూబెక్ చేసినంత గట్టిగా చేసిన ప్రభుత్వాలు అరుదు. 1977లో వచ్చిన 101వ బిల్లు వలస కుటుంబాల పిల్లలను ఫ్రెంచి బడుల్లోనే చేర్పించాలని నిర్బంధించింది. ఆనాడు ఎంతో విమర్శకు గురైన ఆ చట్టం వల్లనే అల్జీరియా, మొరాకో, లెబనాన్, భారత్ వంటి దేశాల నుంచి వచ్చినవారి బిడ్డలు ఫ్రెంచిలో చదివి, ఫ్రెంచిలో స్నేహాలు చేసి, ఫ్రెంచిలో పాఠాలు చెప్పగల టీచర్లుగా ఎదిగారు. కలిసిపోవడమంటే అంతకన్నా ఏం కావాలి? రాష్ట్రం కోరినదంతా చేసి, ఆ రాష్ట్ర భాషను తర్వాతి తరానికి అందించడానికి సిద్ధమై వచ్చిన యువతిని గుమ్మంలోనే ఆపుతున్న 2019 చట్టం, 1977 చట్టం సాధించిన విజయాన్ని తన చేతులతో తానే చెరిపేస్తున్నది.

ఈ తప్పు తెలియక జరిగినది కాదు. వలసవచ్చినవారు దాదాపు లేని, 1,300 మంది జనాభా గల ఎరూవిల్ అనే చిన్న ఊరు 2007 జనవరిలో స్త్రీలను రాళ్లతో కొట్టి చంపడం ఇక్కడ నిషిద్ధమంటూ కొత్తవారికి నియమావళి ప్రకటించిన రోజుల్లో, ప్రభుత్వం చరిత్రకారుడు జెరార్ బూషార్, తత్త్వవేత్త చార్లెస్ టేలర్‌లతో ఒక కమిషన్ వేసింది. రాష్ట్రమంతా తిరిగి ప్రజల మాట విన్న ఆ కమిషన్, శిక్షించే, నిర్బంధించే అధికారం ఉన్న న్యాయమూర్తులు, పోలీసుల వంటివారికే నిషేధాన్ని పరిమితం చేయాలని, ఉపాధ్యాయులకు వర్తింపజేయకూడదని 2008లో సిఫారసు చేసింది. క్యూబెక్ నగరంలోని మసీదులో 2017 జనవరి 29న ఒక దుండగుడు ఆరుగురిని కాల్చి చంపిన తర్వాత, ఆ పరిమిత నిషేధం కూడా తగదని టేలర్ బహిరంగంగానే వెనక్కి తగ్గారు. శాసనసభలో స్పీకర్ ఆసనం పైన 1936 నుంచి వేలాడుతున్న శిలువను తొలగించాలని కూడా కమిషన్ చెప్పగా, నివేదిక వెలువడిన రోజే దానిని ఉంచాలని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. అది దిగింది 2019లో, 21వ బిల్లు చట్టమయ్యాకే. రాజ్యానికి మతం ఉండకూడదన్న నియమం రాజ్యం గోడలకు వర్తించడానికి పదకొండేళ్లు పట్టింది.

మమ్మల్ని అన్నిటికన్నా కలవరపెడుతున్నది చట్టాన్ని తెచ్చిన పద్ధతి. కెనడా హక్కుల చార్టర్‌లోని 33వ సెక్షన్, మతస్వేచ్ఛ, సమానత్వం వంటి హక్కులను ఐదేళ్లపాటు పక్కనపెట్టి చట్టం చేసుకోవడానికి చట్టసభలకు వీలిస్తుంది. నాటి క్యూబెక్ ప్రీమియర్ ఫ్రాన్స్వా లెగో ప్రభుత్వం కోర్టు తీర్పు కోసం ఆగకుండా ముందుగానే దానిని ప్రయోగించింది. ముస్లిం మహిళలపై దుష్ప్రభావం తీవ్రంగా ఉందని గుర్తించిన ఉన్నత న్యాయస్థానం కూడా ఆ సెక్షన్ వల్లనే 2021లో చట్టంలో అధిక భాగాన్ని నిలబెట్టవలసి వచ్చింది. ఇంగ్లిషు పాఠశాల బోర్డులకు అది ఇచ్చిన మినహాయింపును 2024 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు కొట్టివేసింది. కెనడా సుప్రీంకోర్టు 2025 జనవరిలో ఈ వ్యాజ్యాన్ని విచారణకు స్వీకరించింది. హక్కులు ఎవరికి ఎక్కువ అవసరమో వారి విషయంలోనే వాటిని తాళం వేసి దాచగలిగితే, మైనారిటీలకు చార్టర్ ఇచ్చే భరోసా ఏపాటిది?

మాంట్రియల్‌లోని బెడ్‌ఫోర్డ్ పాఠశాలలో కొందరు ఉపాధ్యాయులు పిల్లలను బెదిరిస్తూ, కొన్ని పాఠ్యాంశాలను నిర్లక్ష్యం చేస్తూ వచ్చారని 2024లో బయటపడిన వ్యవహారాన్ని, బడిలో మతప్రభావానికి నిదర్శనమంటూ చట్టం సమర్థకులు తరచు ఉదహరిస్తున్నారు. అది నిజంగా ఆందోళనకరమైన విషయమే, పిల్లల పక్షాన ప్రభుత్వం కఠినంగా నిలవాల్సిందే. అయితే అక్కడ తప్పు వారి ప్రవర్తనలో ఉన్నది. ఆ ప్రవర్తనపైనే విచారణ జరిపి 11 మందిని సస్పెండ్ చేశారు. దుస్తుల చట్టం ఆ పిల్లలను కాపాడలేదు. అయినా ప్రభుత్వం 2025లో 94వ బిల్లుతో నిషేధాన్ని ఉపాధ్యాయులను దాటి ఇతర బడి సిబ్బందికీ విస్తరించింది.

తెలుగువారికి ఈ వాదం దూరపు ముచ్చట కాదు. టెక్సాస్‌లోని షుగర్‌ల్యాండ్‌లో అష్టలక్ష్మి ఆలయ ప్రాంగణంలో చినజీయర్ స్వామి ఆధ్వర్యంలో 2024లో 90 అడుగుల హనుమంతుని విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. ఆ తర్వాతి ఏడాది సెనేట్ అభ్యర్థిత్వం ఆశిస్తున్న ఒక రిపబ్లికన్ నేత, క్రైస్తవ దేశంలో దీన్ని ఎందుకు అనుమతించారని ప్రశ్నించినప్పుడు మనవారు నొచ్చుకున్నారు, నొచ్చుకోవడం సబబే. అదే గొంతుతో ఐరోపాలో హిజాబ్ నిషేధాలను స్వాగతించడం మాత్రం సబబు కాదు. ‘వచ్చినవారు కనబడకుండా మసలాలి’ అన్న కోరిక గుడినీ మసీదునూ వేరుచేసి చూడదు.

బూషార్-టేలర్ సిఫారసు మేరకు కనీసం ఉపాధ్యాయులను జాబితా నుంచి తొలగించడం క్యూబెక్ చేయగల తక్షణ దిద్దుబాటు. 2024లో శాసనసభ 33వ సెక్షన్ ప్రయోగాన్ని మరో ఐదేళ్లకు పొడిగించింది గనుక, ఆ గడువు 2029లో ముగుస్తుంది. దాన్ని మళ్లీ మొక్కుబడిగా పొడిగించే ముందు, ఈ చట్టం వల్ల తరగతి గదులకు దూరమైన యువతుల మాటను శాసనసభ బహిరంగ విచారణలో వినాలి.