లెక్కలోంచి జారిపోయిన మనుషులు

జన్యు పరిశోధకులు ముందుగా ఒక పటం గీస్తారు. మనిషికో చుక్క, డీఎన్ఏ పోలికలున్నవాళ్లు దగ్గరదగ్గరగా. ఐరోపా మూలాలవాళ్లు ఒక మూల, ఆఫ్రికావాళ్లు ఒక మూల, తూర్పు ఆసియావాళ్లు ఇంకో మూల గుంపు కడతారు. ఆ గుంపుల మధ్య చెదిరిన చుక్కలు కొన్ని ఉంటాయి. తల్లిది ఒక ఖండం, తండ్రిది మరో ఖండం అయినవాళ్లు, బ్రెజిల్, ప్యూర్టోరికో కుటుంబాలవాళ్లు. డిప్రెషన్ అధ్యయనాల్లో ఏళ్ల తరబడి ఆ చుక్కలనే తీసి పక్కన పెట్టారు. డీఎన్ఏ ఇచ్చి, మనసులో దిగులంతా పరాయివాళ్ల ముందు చెప్పుకున్నాక కూడా వాళ్లు లెక్కలోకి రాలేదు. ఇది అన్యాయం.

పరిశోధకుల భయం ఉత్తదేం కాదు. ఒక జన్యుమార్పు ఏదో ఒక సంతతిలో ఎక్కువగా ఉండి, ఆ సంతతివాళ్లే వివక్షతో, పేదరికంతో ఎక్కువ కుంగిపోతుంటే, ఏ సంబంధమూ లేని ఆ మార్పే జబ్బుకు మూలంలా కనిపిస్తుంది. అయితే మిశ్రమ సంతతివాళ్ల క్రోమోజోమ్ అతుకుల బొంత లాంటిది. ఈ ముక్క ఆఫ్రికా ముత్తవ్వది, పక్క ముక్క స్పెయిన్ తాతది. 2021లో వచ్చిన 'ట్రాక్టర్' అనే గణాంక పద్ధతి ఒక్కో ముక్కనూ దాని మూలంతో సహా లెక్కిస్తుంది. ఇక వాళ్లను వదిలేయడానికి సాకు లేదు. బతుకు కష్టాల వివరాలు మాత్రం విడిగా సేకరించాల్సిందే, వాటిని ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు.

2025లో 29 దేశాల సమాచారంతో వచ్చిన భారీ అధ్యయనం డిప్రెషన్‌తో ముడిపడిన 697 జన్యుమార్పులను గుర్తించింది. అందులో పాల్గొన్నవాళ్లలో ఐరోపాయేతర మూలాలవాళ్లు నాలుగో వంతు. అంతకుముందు ఏడాది మరో అధ్యయనంలో, జన్యుమార్పులకూ డిప్రెషన్‌కూ మధ్య ఒక సంతతిలో తేలిన సంబంధాలు వేరే సంతతుల్లో అనుకున్నంతగా కనిపించలేదు. ఒకరి కొలతకు కుట్టిన చొక్కా అందరికీ పట్టదు మరి.

మనమూ మిశ్రమ సంతతివాళ్లమే. భారతీయుల్లో చాలామంది రెండు ప్రాచీన జనసమూహాల కలయికేనని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధన 2009లో చూపింది. ఆ తర్వాత కులం లోపలి పెళ్లిళ్లు ఎవరి గుంపులో వాళ్లను బిగించేశాయి. ప్రపంచంలోని రకరకాల జనాల డీఎన్ఏను నమోదు చేసిన '1000 జీనోమ్స్' ప్రాజెక్టులో తెలుగువాళ్ల నమూనాలున్నాయి, అవి బ్రిటన్‌లో స్థిరపడినవారివి. వాళ్ల ఆరోగ్యం గురించి మాత్రం ఆ ప్రాజెక్టు ఏమీ నమోదు చేయలేదు.

మన దగ్గర డిప్రెషన్ జన్యు అధ్యయనం మొదలుపెట్టేవాళ్లు ప్రశ్నలను కూడా మన మాటల్లోంచే తయారు చేయాలి. 'దిగులుగా ఉంటోందా' అంటే 'అబ్బే, అదేం లేదు' అనే పెద్దావిడే, 'నిద్ర పడుతోందా అమ్మా' అని అడిగితే ఒళ్లు నొప్పులు, గుండె దడ, అన్నం సయించకపోవడం, అన్నీ చెబుతుంది.