ఓటీపీ చెప్పు పిన్నీ, ఇరవై రూపాయలొస్తాయి

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది నాలుగోసారి. ఇంటర్ బ్యాచ్ గ్రూప్‌లో ఒకసారి, అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో రెండుసార్లు, నిన్న మా పెద్దమ్మ కొడుకు పంపాడు, కింద "అన్నా, నిజమేనా చూసి చెప్పు" అని. చూశాన్రా. కూర్చో, చెప్తా.

మెసేజ్ అందనివాళ్ల కోసం, అందులో ఉన్నది ఇదీ: విదేశీ మైక్రోటాస్క్ సైట్లలో (చిన్నచిన్న పనులకి తలా కొంత డబ్బిచ్చేవి) జీమెయిల్, ఫేస్‌బుక్, ట్విట్టర్ అకౌంట్లు తెరిచి ఇవ్వడమే పని, ఒక్కోదానికి 20 రూపాయలు, రోజుకు వెయ్యి ఖాయం. పెట్టుబడి లేదు. ఇది నేరం కాదు, డిజిటల్ మార్కెటింగ్, పెద్దపెద్దవాళ్లే చేయిస్తారు. సైట్ విదేశాల్లో ఉంటుంది కాబట్టి ఇక్కడ ఎవరూ అడగరు. మీ నంబర్ అయిపోతే ఇంట్లోవాళ్ల నంబర్లు వాడండి, ఓటీపీ ఒక్కటి చాలు. చివర్లో డబ్బు పడినట్టు ఒక స్క్రీన్‌షాట్.

స్క్రీన్‌షాట్ గురించి ఏం మాట్లాడతాం, పదో తరగతి పిల్లాడు రెండు నిమిషాల్లో చేసిస్తాడు.

రోజుకు వెయ్యి అంటే 50 అకౌంట్లు. ఒకే నంబర్‌తో వరసగా జీమెయిల్‌లు తెరిచి చూడండి, కొన్ని కాగానే ఈ నంబర్‌ని ఇప్పటికే చాలాసార్లు వాడారు అని ఎర్ర అక్షరాలు వస్తాయి. కొత్త సిమ్‌లు కొంటారా? ఒక మనిషి పేరు మీద తొమ్మిదికి మించి ఇవ్వరు. పైగా 20 రూపాయలు ఎవడిస్తాడు? 2013లో బయటికొచ్చిన ఒక అధ్యయనం కోసం కొందరు పరిశోధకులు ట్విట్టర్ సాయంతో 27 మంది అమ్మకందార్ల దగ్గర లక్షకు పైగా దొంగ అకౌంట్లు కొని చూశారు, వెయ్యికి 10 నుంచి 200 డాలర్లు పడ్డాయి. అంటే బాగా ఖరీదైనదే అప్పటి లెక్కలో ఒక్కోటి పన్నెండు రూపాయలు. అదీ దుకాణంలో ధర, తయారుచేసినవాడి కూలి కాదు. ఆ అమ్మకందార్లు తెరిచినవని గుర్తించిన అకౌంట్లలో 95 శాతాన్ని ట్విట్టర్ తర్వాత మూసేసింది కూడా.

ఇదంతా నాకెలా తెలుసంటే, బీటెక్‌లో నేనూ చేశాను కాబట్టి. టాస్క్ ఇలా ఉండేది: అమ్మాయి పేరు పెట్టు, మేం చెప్పిన పాస్‌వర్డే పెట్టు, రికవరీ మెయిల్ (పాస్‌వర్డ్ పోతే అకౌంట్ తిరిగి తెచ్చుకునేది) మాది పెట్టు, ఓటీపీ కొట్టి లాగౌట్ అవ్వు. 23 చేశాను. తొమ్మిదింటికి "పని నచ్చలేదు" అని డబ్బు ఎగ్గొట్టారు, అకౌంట్లు మాత్రం వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు. మిగతా పద్నాలుగింటికి ఇచ్చారు. కాబట్టి డబ్బు అస్సలు రాదు అని నేను అనను. వచ్చింది, రెండు ప్లేట్ల బిర్యానీకి సరిపోయింది.

ఇప్పుడు ఆ ఇంట్లోవాళ్ల నంబర్ల మాట. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. పైన చెప్పిన టాస్క్ మళ్లీ చదవండి. పాస్‌వర్డ్ వాళ్లది, రికవరీ మెయిల్ వాళ్లది, పేరు ఎవరిదో. అందులో మనది ఏముంది? నంబర్ ఒక్కటే. వాడు ఇస్తానంటున్న 20 రూపాయలు అకౌంట్‌కి కాదు, ఆ నంబర్‌కి. రేపు ఎవడో ఆ అకౌంట్‌కి అమ్మాయి ఫొటో పెట్టి ఎవరో రిటైర్డ్ మాస్టారి దగ్గర నాలుగు లక్షలు లాగితే, సైబర్ క్రైమ్ వాళ్లు కంపెనీని అడుగుతారు, కంపెనీ నంబర్ ఇస్తుంది, నంబర్ వెనక ఆధార్ ఉంటుంది, ఆధార్ వెనక తెనాలిలో టీవీ చూసుకుంటున్న మా పిన్ని ఉంటుంది. ఐటీ చట్టం 66-సి (ఇంకొకరి గుర్తింపు దొంగిలించి వాడటం), 66-డి (ఇంకొకరిలా నటించి ఆన్‌లైన్‌లో మోసగించడం) సెక్షన్లకి మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. చివరికి ఆమె తప్పు లేదనే తేలుతుందేమో, కానీ ఈలోపు స్టేషన్ చుట్టూ తిరగాల్సింది ఎవరు?

2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగం అని మన కుర్రాళ్లని తీసుకెళ్లి ఆన్‌లైన్ మోసాలు చేయించారు. అలాంటి చోట్ల రోజూ కొత్త ప్రొఫైళ్లు కావాలి, పాతవి మూతపడుతుంటాయి కదా. డిజిటల్ మార్కెటింగ్ అట!

ఇంకోటి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు అని పిన్నికి నేర్పడానికి మాకు ఐదేళ్లు పట్టింది. ఇప్పుడు సొంత అక్క కొడుకే ఫోన్ చేసి "ఓటీపీ చెప్పు పిన్నీ, ఏం కాదు" అంటే, వచ్చే నెల బ్యాంకు నుంచి అని ఎవడైనా చేసినప్పుడు ఆమె ఎందుకు చెప్పదు?

పెద్దవాళ్లే చేయిస్తారన్న ముక్క మాత్రం నిజం, ఒప్పుకుంటున్నా. ఫాలోవర్లని కొనుక్కునే నాయకులూ, కోచింగ్ సెంటర్లవాళ్లూ ఉన్నారు, వాళ్ల మీద కేసు పెట్టినట్టు నేనైతే వినలేదు. పెట్టడం కష్టం కూడా. కొన్నవాడి నంబర్ ఎక్కడా ఉండదు.

విదేశీ సైటా? సైట్ విదేశంలోనే ఉంటుంది. పిన్ని తెనాలిలో ఉంటుంది.

ఒరేయ్ తమ్ముడూ, నంబర్‌తో పాస్‌వర్డ్ మార్చే దారి ఇంకా తెరిచే ఉంటే ఈ రాత్రికే లోపలికి వెళ్లి ఆ అకౌంట్లు మూసెయ్. ఏ అకౌంట్లు అని నన్ను అడక్కు. పొద్దున పిన్ని ఫోన్ చేసింది, ఆ మూడు ఇరవైలు వాడెప్పుడు పంపుతాడ్రా అని.