వెనక కుడిది

మా కారు టైర్లు అరిగిపోయిన సంగతి నాకంటే ముందు మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కనిపెట్టాడు. "సార్, కారు తిరుపతి వెళ్ళి వచ్చిందా?" అని అడిగాడు. "లేదయ్యా, ఈ శనివారం వెళుతున్నాం" అన్నాను అమాయకంగా. అతను టైర్ల వైపు చూశాడు. నాలుగూ నున్నగా గుండ్లు కొట్టించుకుని ఉన్నాయి. మేము వెళ్ళకముందే అవి మొక్కు తీర్చేసుకున్నాయి.

కొత్తవి నాలుగు వేయిస్తే ఇరవై వేల దాకా అవుతుందన్నారు. ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు ఆఫీసులో ఒక హితుడు, బెంగళూరులో పుట్టి పెరిగినవాడు, చెవిలో మంత్రం ఊదాడు. జె.సి. రోడ్డు పక్క సందుల్లో కాస్త వాడిన టైర్లు దొరుకుతాయట. కొత్త కారు కొన్న కుర్రాళ్ళు చక్రాలు నచ్చక వారంలోనే మార్పించేస్తారట. ఆ తీసేసినవి మనబోటి తెలివైనవాళ్ళ కోసం అక్కడ ఎదురుచూస్తూ ఉంటాయట. మనల్ని ఎవరైనా తెలివైనవాడివి అన్నారంటే జేబు తడిమి చూసుకోవాలని నాకు అప్పటికి తెలియదు.

దుకాణం కుర్రాడికి తెలుగు వచ్చు. నాలుగు టైర్లు దొర్లించుకొచ్చి నా ముందు నిలబెట్టాడు. తలకు రంగు వేసుకుని పెళ్ళిచూపులకు వచ్చిన రెండో పెళ్ళివాడిలా నల్లగా నిగనిగలాడుతున్నాయి. "ఒక డాక్టరుగారి కారువి సార్. ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి, అంతే" అన్నాడు. సెకండ్ హ్యాండ్ లోకంలో వస్తువులన్నీ డాక్టర్లవే. మేము కొన్న పాత ఫ్రిజ్ డాక్టరుగారిది, సోఫా డాక్టరుగారిది. ఇన్ని సామాన్లు అమ్ముకునే డాక్టర్లు రోగులను ఎప్పుడు చూస్తారో!

నేనూ అంత తేలికగా మోసపోయే రకం కాదు. ఒక టైరును కాలితో గట్టిగా తన్ని చూశాను. మగవాళ్ళకు తెలిసిన టైరు పరీక్ష అదొక్కటే. తన్నితే ఏమి తెలుస్తుందో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు గానీ నా బొటనవేలికి మాత్రం బాగా తెలిసింది. బేరమాడి నాలుగూ కలిపి నాలుగున్నర వేలకు ఖాయం చేశాను. బిగించాక నడిపి చూస్తే కారు ఎడమవైపు లాగుతోంది. అదేమిటంటే, "బెంగళూరు రోడ్లన్నీ ఎడమకే వాలి ఉంటాయి సార్" అన్నాడు. పదిహేనేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను, ఆ సంగతి గమనించనందుకు నన్ను నేనే నిందించుకున్నాను.

శుక్రవారం సాయంత్రం బంకులో గాలి కొట్టించాను. మా కారుకు ముప్పై చాలని డ్రైవరు తలుపు దగ్గర చీటీ అంటించి ఉంది. అయితే ఐదుగురం, సామాను, పైగా ఘాట్ రోడ్డు. దేవుడి పనిలో పిసినారితనం ఎందుకని నలభై కొట్టించాను.

ఆ రాత్రే మామగారు దిగారు.

మా మామగారు ఆర్టీసీ టైర్ల రీట్రెడింగ్ షాపులో, అంటే అరిగిన టైర్లకు కొత్త రబ్బరు అతికించే చోట, ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. రిటైరు అన్న మాటలోనే టైరు ఉందని ఆయన అంటూ ఉంటారు. భోజనమయ్యాక, నా గొప్ప చూపిద్దామని నేనే ఆయనను పార్కింగ్‌లోకి తీసుకెళ్ళాను. ఆ పని చేయకుండా ఉండవలసింది. ఆయన పంచె ఎగ్గట్టి, టార్చిలైటు పట్టుకుని, ముందు టైరు దగ్గర గొంతుక్కూర్చున్నారు.

"అల్లుడుగారూ, దీని పుట్టినరోజు తెలుసా?"

టైరు పక్కగోడ మీద చిన్న గడిలో 1113 అని అచ్చు వేసి ఉంది. నేను దాన్ని ధర అనుకున్నాను. కాదట. మొదటి రెండు అంకెలు వారం, తరువాతి రెండూ సంవత్సరం. 2013లో పదకొండో వారం, అంటే మార్చి నెల. మా అమ్మాయి పుట్టింది 2014లో. అంటే మా ఇంటికి పెద్దకూతురు ఇప్పుడు వచ్చిందన్నమాట. రెండోది 0815, మూడోది 3516. నాలుగోదానికి ఆ అంకెలు ఒకవైపే ఉంటే, ఆ వైపును కుర్రాడు లోపలికి తిప్పి బిగించాడు. "ఇది వయసు చెప్పుకోవడం ఇష్టం లేనిది" అన్నారు మామగారు.

"పుట్టి ఎన్నాళ్ళయితే ఏమిటి మామయ్యగారూ, ఎక్కువ తిరగలేదు కదా! గాడులు ఎంత లోతుగా ఉన్నాయో చూడండి."

"అటక మీద పదేళ్ళున్న రబ్బరు బ్యాండు కూడా ఎక్కడా తిరగదు. లాగి చూడండి, ఏమవుతుందో" అని ఆయన టార్చి గాడిలోకి తిప్పారు. టైరు గాడుల అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న దిమ్మెలు ఉంటాయట. పైరబ్బరు అరిగి వాటి మట్టానికి వచ్చిందంటే మిగిలిన లోతు 1.6 మిల్లీమీటర్లే అని గుర్తు. ఇక్కడ దిమ్మెలు ఉండవలసిన చోట దిమ్మెలు లేవు. ఎవరో కాలిన కత్తితో గాడులను కొత్తగా చెక్కుతూ, దారిలో అడ్డం వచ్చిన దిమ్మెలనూ కోసుకుంటూ పోయారు. థర్మామీటరు విరగ్గొట్టేసి జ్వరం లేదన్నట్టు ఉంది వ్యవహారం. కింద మిగిలిన రబ్బరు పొర ఎంత పలచగా ఉందంటే, మామగారు దాన్ని చూసి పెసరట్టు అనలేదు, రవ్వదోసె అన్నారు.

చివరకు వెనక కుడి టైరు దగ్గరికి వెళ్ళారు. పక్కగోడను నాడి చూసినట్టు అరచేత్తో నిమిరారు. ఒకచోట చెయ్యి ఆగింది. అక్కడ చిన్న ఉబ్బు, పునుగంత.

"ఎక్కడో గోతిలో పడినప్పుడు లోపలి దారాలు తెగాయి. ఇక్కడ గాలిని ఆపుతున్నది పై రబ్బరు ఒక్కటే. ఇది మాత్రం రేపటి ప్రయాణానికి రాదు."

నాకు పౌరుషం వచ్చింది. "పాత టైర్లు కొనడం నేరమేమీ కాదు కదా!" అన్నాను.

"కొనడం నేరం కాదు. ఇలాంటివి వేసుకుని రోడ్డెక్కడం నేరం." 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 94వ నిబంధన ఆయనకు సుప్రభాతంలా కంఠస్థం. కారు టైరుకు 1.6 మిల్లీమీటర్లు, స్కూటరుకు 0.8. ఆపైన మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్. లోపమున్న బండి నడిపితే పదిహేను వందల దాకా జరిమానా, దానివల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే మూడు నెలల దాకా జైలు. లోపం నాకు తెలియదంటే చెల్లదట, మామూలు జాగ్రత్తతో కనిపెట్టగలిగినదైతే తెలిసినట్టే లెక్క. "అయినా మీరు ఇక తెలియదని అనలేరు, నేను చెప్పేశాను కదా" అన్నారు. ఆ విధంగా నన్ను తెలిసి తప్పు చేసేవాడిగా మార్చేశారు.

పైకి వచ్చేసరికి మా బావమరిది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి వీడియో కాల్‌లో ఉన్నాడు. వాడైనా నా పక్షం వహిస్తాడేమోనని సంగతి చెప్పాను. "ఇక్కడా పాత టైర్లు అమ్ముతారు బావగారూ. 1994 నుంచీ దానికొక చట్టం ఉంది. కనీసం రెండు మిల్లీమీటర్ల గాడి ఉండాలి, లోపలా బయటా ఏ ఉబ్బూ ఉండకూడదు. వాడినదని నాలుగు మిల్లీమీటర్ల ఎత్తు అక్షరాలతో టైరు మీదే ముద్ర వేయాలి. అరిగిన టైరుతో పట్టుబడితే లైసెన్సు మీద టైరుకు మూడు తప్పు పాయింట్లు. పన్నెండు దాటక్కరలేదు, పన్నెండుకే లైసెన్సు పోతుంది" అన్నాడు. నాలుగు మూళ్ళు ఎంతో మా అమ్మాయి వెంటనే గట్టిగా చెప్పింది. ఎక్కాలు ఎప్పుడు అడిగినా తడుముకునే పిల్ల.

నేను మొండికేశాను. ఉదయం ఐదింటికి బయలుదేరుతున్నాం, హోస్కోటె, కోలారు, ముళబాగిలు, పలమనేరు, అంతే అన్నాను. మామగారు వాదించలేదు. "మీరు వెళ్ళండి. నేను బస్సులో వస్తాను" అని దుప్పటి కప్పుకున్నారు.

తెల్లవారుజామున మూడు గంటల పది నిమిషాలకు పార్కింగ్‌లో బాంబు పేలింది.

గ్యాస్ సిలిండరని మొదటి అంతస్తువాళ్ళు, ట్రాన్స్‌ఫార్మరని రెండో అంతస్తువాళ్ళు మెట్లమీద పరుగెత్తారు. ఒకాయన ఇంటి దస్తావేజుల సంచితో దిగాడు, భార్యను తరువాత పిలిచాడు. అసోసియేషన్ కార్యదర్శి లుంగీ మీద హెల్మెట్ పెట్టుకుని వచ్చారు. వాచ్‌మన్ టార్చి వేస్తే, పార్కింగ్ నిండా కమ్మిన దుమ్ములో మా కారు ఒక మూలకు ఒరిగి, కాలు మడత పడిన గేదెలా కనిపించింది. పక్కన పార్క్ చేసిన స్కూటరు పడిపోయి ఉంది. అరవైమంది నన్నే చూస్తున్నారు. నేను స్కూటరును లేపి నిలబెట్టాను, అంతకన్నా చేయగలిగింది కనిపించలేదు.

ఇంట్లోకి వచ్చేసరికి మామగారు పడుకునే ఉన్నారు. కళ్ళు తెరవకుండానే అడిగారు.

"వెనక కుడిదేనా?"

అవునన్నాను. ఆయన అటువైపు తిరిగి పడుకున్నారు.

అందరం బస్సులోనే వెళ్ళివచ్చాం. సోమవారం కొత్త టైర్లు వేయించాను, ఇరవై వేలు, ఆపైన స్కూటరు అద్దానికి ఆరువందలు. మిగిలిన మూడు పాత టైర్లనూ వెనక్కి ఇద్దామని జె.సి. రోడ్డు సందుకు వెళ్ళాను. మామగారూ వచ్చారు. కుర్రాడు ఏమాత్రం సిగ్గుపడలేదు. "మూడూ ఆరువందలకు తీసుకుంటాను సార్" అంటూనే నల్లరంగు డబ్బా మూత తీశాడు.

మామగారు అతని బల్ల మీది కత్తి అడిగి తీసుకున్నారు. కుర్రాడు అడ్డం రాబోయేలోగా, మూడు టైర్ల పక్కగోడలనూ గుమ్మడికాయ కోసినట్టు జానెడు జానెడు కోశారు.

"అయ్యో, ఇప్పుడివి తుక్కుకు తప్ప దేనికి వస్తాయి?" అన్నాడు కుర్రాడు.

"తుక్కుకే తూచు" అని మామగారు కత్తి తిరిగి ఇచ్చేశారు.

డెబ్బై రూపాయలు వచ్చాయి. ఎదురుగా ఉన్న హోటల్లో ఇద్దరం కాఫీ తాగాం, కోసిన చెయ్యి కదా అని బిల్లు ఆయన చేతే ఇప్పించాను.