తాళం వేసిన చేతులకే అర్జీ

సోమవారం పొద్దున తొమ్మిదిన్నర కాకముందే కలెక్టరేట్ మెట్ల మీద ప్లాస్టిక్ కవర్లు బారులు తీరతాయి. ఏ కవరు విప్పినా ఇంచుమించు అవే కాగితాలు. పాత పాసుపుస్తకం జిరాక్సు, పహాణీ నకలు, ఆధార్, వెనకటి నాలుగైదు ప్రజావాణుల (సోమవారం అర్జీలు తీసుకునే కార్యక్రమం) రసీదులు, అన్నిటికీ పైన నలగకుండా దాచుకున్న ఎమ్మెల్యే లెటర్‌ప్యాడ్ కాగితం. అందులో ఒకటే వాక్యం: ‘పరిశీలించి తగు చర్య తీసుకోగలరు’. కింద సంతకం. ఆ కాగితం మీద అర్జీదారు పెట్టుకున్న ఆశను తప్పుపట్టలేం. రాసిచ్చిన మనిషిని మాత్రం అడగాల్సింది చాలా ఉంది.

తెలంగాణలో ఈ కవర్లలో పెద్ద వాటా భూమి గొడవలదే. వాటిలో ఎంతకీ తెగనిది నిషేధిత జాబితా, అంటే రిజిస్ట్రేషన్ కాకుండా ఆపిన భూముల పట్టిక. ఒక లెక్క చూద్దాం. ఒక సర్వే నంబరులో 8 ఎకరాల 12 గుంటలుంది అనుకోండి (ఎకరాకు 40 గుంటలు). ఎప్పుడో కాలువ కోసం అందులో ఎకరా 20 గుంటలు తీసుకున్నారు, పరిహారమూ ఇచ్చేశారు. మిగిలిన 6 ఎకరాల 32 గుంటలు నలుగురు పట్టాదారులది, తలా ఎకరా 28 గుంటలు. కాలువకు పోయిన ముక్కను కొలిచి, దానికి విడిగా బై నంబరు ఇచ్చి ఉంటే ఏ గొడవా లేదు. ఆ పోడి పని ఎవరూ చేయలేదు. రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కినప్పుడు ప్రభుత్వ భూమిని కాపాడాలన్న తొందరలో తాళం, అంటే ఆ నిషేధం, ముక్కకు బదులు నంబరు మొత్తానికీ పడింది. అరవై గుంటల కాలువ 272 గుంటల పట్టా భూమిని తనతో పాటు జాబితాలోకి లాక్కెళ్లింది.

అలా పడ్డాక అమ్మకం లేదు, కూతురికి గిఫ్టు రాసివ్వడం లేదు. పట్టాదారు చనిపోతే వారసుల పేరెక్కదు. పేరెక్కకపోతే వారసులకు రైతు బీమాలో చోటు లేదు. డిజిటల్ సంతకం పడని ఖాతాకు రైతు భరోసా పెట్టుబడి సాయం రాదు. ఎకరాకు సీజనుకు రూ.6,000 చొప్పున ఆ ఎకరా 28 గుంటలకు రూ.10,200, ఏడాదికి రూ.20,400. ‘సాంకేతిక సమస్య’ అని రెండు మాటల్లో తేల్చేసే దాని ఖరీదు ఒక్కో ఇంటికి ఇది.

విడిపించుకునే దారి కాగితం మీద సాఫీగానే ఉంటుంది. మీసేవలో దరఖాస్తు, తహసీల్దార్ లాగిన్, ఆర్ఐ క్షేత్ర పరిశీలన, సర్వేయర్ కొలత, నివేదిక, ఆర్డీఓ, కలెక్టర్. ఆగిపోయే చోట్లు వేరే ఉన్నాయి. ఒకటి, దరఖాస్తు తప్పు మాడ్యూల్‌లో (పోర్టల్‌లోని దరఖాస్తు రకం) పడటం. పాత భూరికార్డుల పోర్టల్ ధరణి రోజుల్లో పాసుపుస్తకం తప్పుల సవరణకు టీఎం 33, నిషేధిత జాబితా ఫిర్యాదుకు మరొకటి ఉండేవి. మీసేవ కుర్రాడు ఏది నొక్కాడో రైతుకు తెలియదు. నెలల తర్వాత ‘తిరస్కరించబడింది’ అన్న ఒక్క మాట వస్తుంది, ఎందుకో ఉండదు. రెండోది సర్వేయర్. మండలానికి ఒక్కరుంటే ఆయన రోడ్డు కొలతలకు, కోర్టు కమిషన్లకు, ఇళ్ల స్థలాలకు పోగా మిగిలిన పూటనే ఈ పొలానికి రావాలి. మూడోది భూసేకరణ అవార్డు (తుది ఉత్తర్వు) నకలు. ఏ ముక్క పోయిందో, దాని హద్దులేమిటో తేల్చేది అదొక్కటే. అది తహసీల్దార్ దగ్గర ఉండదు, సేకరణ జరిపిన కార్యాలయంలోనో ప్రాజెక్టు కార్యాలయంలోనో ఉంటుంది. ఒక సర్కారు కార్యాలయంలో ఉన్న కాగితాన్ని మరో సర్కారు కార్యాలయానికి తెచ్చిపెట్టే పని రైతు నెత్తిన పడుతుంది. అర్జీకి 1954-55 ఖాస్రా పహాణీ, సేత్వార్ లాంటి పాత భూ రికార్డులు జతచేసినవారు కూడా ఈ ఒక్క నకలు లేకే ఆగిపోతున్నారు. ప్రజావాణికి వెళ్లేవారు ముందు దీన్ని సంపాదించుకోవడం మేలు. సమాచార హక్కు కింద అడిగితే మండల స్థాయిలో రుసుము రూ.5, ఆపై కార్యాలయాల్లో రూ.10. గడువు 30 రోజులు. ఇవ్వకపోతే ఆ పైన మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. రెండో అప్పీలు రాష్ట్ర సమాచార కమిషన్‌కు. ఆ కమిషన్‌లోనే 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు కమిషనర్లు లేరు. ఆ కాలమంతా తలుపు ఉంది, లోపల మనిషి లేడు.

ప్రజావాణిలో ఏం జరుగుతుందో ఇప్పుడు చూడండి. టోకెన్ తీసుకున్న మనిషి అర్జీ ఇస్తాడు, దాని మీద ఎండార్స్‌మెంట్ రాస్తారు, నంబరు పడిన రసీదు చేతికొస్తుంది. ఆ అర్జీ చివరికి చేరేది ఎవరి మీద ఫిర్యాదో ఆ తహసీల్దార్ బల్ల మీదికే. కిందికి పంపడంతోనే ‘పరిష్కృతం’ అని రాసుకునే అలవాటు ఉన్నంతకాలం జిల్లా నివేదికలో శాతాలు పెరుగుతాయి, కవర్లో రసీదులూ పెరుగుతాయి.

ఇలా ఉండక తప్పదని ఏమీ లేదు. బిహార్ 2015లో ఫిర్యాదుల పరిష్కార హక్కు చట్టం తెచ్చి మరుసటి ఏడాది జూన్ నుంచి అమలు చేస్తోంది. అక్కడ సబ్ డివిజన్ స్థాయిలోనే ఈ పనికి విడిగా అధికారి ఉంటారు. అర్జీదారునూ సంబంధిత శాఖ అధికారినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి వింటారు, 60 పని దినాల్లో ఉత్తర్వు ఇవ్వాలి. కర్ణాటక 2011 నాటి సకాల చట్టంలో సర్కారు సేవల జాప్యానికి రోజుకు రూ.20 చొప్పున, రూ.500 దాకా పరిహారం ఉంది. మొత్తం చిన్నదే, కానీ ఆలస్యం ఎవరి పద్దులో పడుతుందో అది చెబుతుంది. మనకు ప్రజావాణి ఒక కార్యక్రమం, హక్కు కాదు. దాని గడువును ఎవరు మీరినా ఎవరికీ ఏమీ కాదు.

ఇక్కడే ఎమ్మెల్యే ప్రస్తావన వస్తుంది. ధరణికి ఆధారమైన పట్టాదారు పాసుపుస్తకాల బిల్లు 2020 సెప్టెంబరు 9న శాసనసభకు వచ్చింది, 11న ఆమోదం పొందింది. రెండు రోజులు. అదే నెలలో ఊళ్లో వీఆర్వో లేకుండా పోయారు, రెవెన్యూ కోర్టులూ పోయాయి. తహసీల్దార్ ఉత్తర్వు తప్పయితే ఎవరికి చెప్పుకోవాలన్న ప్రశ్నకు ఆ చట్టంలో జవాబు లేదు, సివిల్ కోర్టుకు పొమ్మన్నట్టే. అక్టోబరు 29న పోర్టల్ మొదలైంది. చట్టం చేసిన సభ్యులే ఆ తర్వాత మూడేళ్లు అదే చట్టం వల్ల ఇరుక్కున్న ఓటర్లకు సిఫారసు లేఖలు రాశారు. తాళం వేసిన చేయే తాళపుచెవి ఇప్పించమని తహసీల్దార్‌ను బతిమాలింది. 2024 ఫిబ్రవరి నాటికి పెండింగ్‌లో ఉన్నట్టు ప్రభుత్వమే చెప్పిన ధరణి దరఖాస్తులు 2.45 లక్షలు.

ప్రభుత్వం మారింది. 2023 డిసెంబరు 28 నుంచి పది రోజుల ప్రజాపాలన కార్యక్రమంలో 1.25 కోట్లకు పైగా దరఖాస్తులు తీసుకున్నారు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. అప్పీలు తిరిగి వచ్చింది, పొలానికి ఆధార్ లాంటి భూధార్ సంఖ్య అన్నారు, రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం అన్నారు. పాత చట్టం కన్నా ఇది మెరుగైనదే, ఆ మాట చెప్పడానికి మాకు మొహమాటం లేదు. ఆ జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెడితే 8 లక్షలకు మించి అర్జీలు వచ్చాయి. గ్రామ పాలన అధికారుల నియామక పత్రాలు మాత్రం సెప్టెంబరులో అందాయి. అర్జీ ముందు, దాన్ని పట్టుకుని పొలానికి వెళ్లే మనిషి తర్వాత. విత్తనం చల్లాక నాగలి కోసం వెతికినట్టు. పైగా 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా ఊళ్లలో సర్పంచులు లేరు, ప్రత్యేకాధికారుల పాలనే. ఊరి మొదటి తలుపు మూతపడ్డ ఆ ఇరవై రెండు నెలలూ బరువంతా ఎమ్మెల్యే క్యాంపు కార్యాలయం మీద పడింది.

ఆ కార్యాలయాల సంగతి ఓటర్లందరికీ తెలిసిందే. ఒక్కోదానికి రూ.కోటి మంజూరు చేసి నియోజకవర్గ కేంద్రాల్లో కట్టించిన భవనాలు. ఎప్పుడెళ్లినా ‘అన్న హైదరాబాద్‌లో ఉన్నాడు’ అంటారు. పీఏ ఫోన్ తీస్తే అదృష్టం. తీసినా ‘వాట్సాప్‌లో పెట్టండి’ అంటాడు. రెండు నీలి టిక్కులు పడతాయి, ఆపైన నిశ్శబ్దం. పెళ్లికీ చావుకూ అన్న తప్పకుండా వస్తాడు. దాన్ని మేం చిన్నచూపు చూడం, మన ఊళ్లలో అది మర్యాద. కానీ 119 మందిని ఎన్నుకున్నది చావుబతుకుల్లో పలకరింపుకే అయితే అసెంబ్లీ భవనం అక్కర్లేదు. నియోజకవర్గం బాగు కోసమే పార్టీ మారామని చెప్పినవారి మాట కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. పది మంది ఎమ్మెల్యేల అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. తమ నియోజకవర్గంలో ఎన్ని సర్వే నంబర్లు తాళంలో ఉన్నాయో వారిలో ఎందరు చెప్పగలరు?

చేతిలో ఏమీ లేదని ఎమ్మెల్యే అంటే నమ్మకండి. తహసీల్దార్‌ను ఆదేశించే అధికారం లేకపోవచ్చు, ఉండకూడదు కూడా. మంత్రిని అడిగే అధికారం ఉంది. నక్షత్ర గుర్తు ప్రశ్న వేస్తే మంత్రి సభలో నిలబడి జవాబు చెప్పాలి, ఆ వెంటనే అనుబంధ ప్రశ్న అడగొచ్చు. జీరో అవర్ ఉంది. మంత్రి ‘చూస్తాం, చేస్తాం’ అంటే ఆ మాటను వెంటాడేందుకు ప్రభుత్వ హామీల కమిటీ ఉంది, ప్రజల వినతులకు అర్జీల కమిటీ ఉంది. సభ కూర్చునేది ఏడాదికి కొద్ది రోజులే, నిజమే. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు మించకూడదన్న రాజ్యాంగ నియమాన్ని తూతూమంత్రంగా తీర్చేస్తున్నారు, అదీ నిజమే. కాబట్టే వేసే ప్రశ్న పదునుగా ఉండాలి. సిఫారసు లేఖ ఒక రైతు ఫైలును వరుసలో ముందుకు జరుపుతుంది, అంటే మరొకరి ఫైలు వెనక్కి పోతుంది. ప్రశ్న అయితే వరుస ఎందుకంత పొడుగ్గా ఉందో బయటపెడుతుంది.

నిషేధిత జాబితా విషయంలో చట్టం కూడా రైతుకు మరీ ఎదురుగా లేదు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షన్ ఏయే భూములను ఆపవచ్చో విడివిడిగా చెప్పింది: బదిలీకి వీల్లేని అసైన్డ్ లాంటివి, ప్రభుత్వానివి, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగ్ (భూపరిమితి) మిగులు. వీటిలో చేరని, ప్రభుత్వం తనకు ప్రయోజనం ఉందని చెప్పే ఐదో రకాన్ని ఆపాలంటే గెజిట్ నోటిఫికేషన్ ఉండాలని ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ 2015లో స్పష్టం చేసింది. ఈ తీర్పు ఆంధ్రప్రదేశ్ రైతులకూ పనికొస్తుంది, అక్కడ సోమవారం అర్జీల్లోనూ 22-ఎ కవర్లు తక్కువేం లేవు. తన పొలం ఏ క్లాజు కింద, ఏ ఉత్తర్వుతో, ఎంత విస్తీర్ణంతో జాబితాకెక్కిందో రాతపూర్వకంగా అడగడం అర్జీదారు మొదటి పని. జవాబు లేకపోవడమూ రేపు అప్పీలులో ఒక ఆధారమే.

క్యాంపు కార్యాలయానికి వెళ్లేవారు ఈసారి సిఫారసు లేఖ అడగవద్దు. ఒకే ఊరి నుంచి తాళం పడిన నంబర్లన్నీ ఒక కాగితం మీద రాయండి: సర్వే నంబరు, మొత్తం విస్తీర్ణం, అందులో నిజంగా ప్రభుత్వానిది ఎన్ని గుంటలు, దరఖాస్తు సంఖ్య, తేదీ. రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద తేదీతో ముట్టినట్టు సంతకం పెట్టించుకోండి. దాని కింద సభలో వేయాల్సిన ప్రశ్నను కూడా మీరే రాసివ్వండి. మచ్చుకు మేమొకటి ఇస్తున్నాం.

‘రెవెన్యూ శాఖ మంత్రి ఈ క్రింది విషయాలు తెలియజేస్తారా: (అ) ఫలానా మండలంలో నిషేధిత జాబితాలో ఉన్న సర్వే నంబర్లెన్ని, (ఆ) వాటిలో కొంత భాగం మాత్రమే ప్రభుత్వానిదై ఉండగా నంబరు మొత్తాన్నీ ఆపినవి ఎన్ని, అందులో పట్టా భూమి విస్తీర్ణమెంత, (ఇ) తొలగింపు దరఖాస్తుల్లో 60 రోజులు దాటినవెన్ని, అవి ఏ అధికారి వద్ద ఉన్నవి, (ఈ) సబ్ డివిజన్ చేసి బై నంబర్లు ఇచ్చేందుకు ఆ మండలానికి ఎందరు సర్వేయర్లను కేటాయించారు, ఏ తేదీకి పూర్తి చేస్తారు?’

మండలం పేరు నింపుకుంటే చాలు, మిగతాదంతా ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు.